నాయన సంచిలోని పదును తోలు

మా నాయన మంగలి. ఈ మాటను ఇప్పుడు తడబడకుండా రాస్తున్నాను గాని, మార్కాపురంలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ ఎవరైనా అడిగితే "సెలూన్" అనేదాన్ని. ఆయనకు సెలూన్ లేదు. కంభంలో మా ఇంటికి రెండు వీధుల అవతల అద్దాలూ తిరిగే కుర్చీలూ ఉన్న దుకాణాలు వచ్చాక, నడవగలిగిన గిరాకీ అంతా అక్కడికే పోయింది. నాయనకు మిగిలింది మంచం దిగలేనివాళ్ళు. తుంటి విరిగినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేసినవాళ్ళు. ఒకరోజు రాచర్ల వైపు, ఒకరోజు అర్ధవీడు వైపు, సంచి భుజాన వేసుకుని ఆటోల్లోనూ బస్సుల్లోనూ వాళ్ళ ఇళ్ళకే వెళ్ళేవాడు.

ఆ సంచిలో మా తాత చేయించుకున్న పదును తోలు ఉండేది. జానెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు టేకు చెక్క. దాని రెండు వైపులా బిగించిన తోలు. అగ్గిపెట్టె తొడుగులా దాని మీదికి జారే చెక్క ఒర. కత్తిని రాయి మీద నూరితే పదును వస్తుంది, నునుపు రాదు. గడ్డం మీద పెట్టేముందు తోలు మీద అటొకసారి ఇటొకసారి తీయాలి. దుకాణంలో అయితే పొడవాటి తోలుపట్టీని గోడ మేకుకు తగిలించి లాగుతారు. ఇల్లిల్లూ తిరిగేవాడికి ఆ మేకు ఎక్కడిది? తాత గిద్దలూరు స్టేషన్ దగ్గర పనిచేసే రోజుల్లో, రైలు దిగిన ఒక ప్రయాణికుడి పెట్టెలో ఇటువంటి వస్తువును చూశాడట. వడ్రంగితో చెక్క, చెప్పులు కుట్టే అతనితో తోలు వేయించి దానికొక నకలు చేయించాడు. అసలుదానికి తోలును బిగించే మర ఉండేదట. తాతదానికి ఒక చెక్క చీలే గతి. వానాకాలంలో తోలు వదులైతే ఆ చీలను ఇంకొంచెం దిగ్గొట్టాలి. మోకాలి మీద పెట్టుకుని పదును తీయవచ్చు. "ఎవురి గోడకూ మేకు కొట్టమని అడుక్కునే పని ల్యా" అని తాత గర్వంగా చెప్పుకునేవాడని నాయన చెప్పేవాడు.

ఆ గర్వం నాకు ఎన్నడూ కనిపించలేదు. నాకు కనిపించింది ఒక మురికి తోలు మాత్రమే.

కళాశాలలో నేను డిబేట్ జట్టులో ఉండేదాన్ని. విషయం ఇస్తారు, పక్షం ఇస్తారు. అటో ఇటో నిలబడి గెలవాలి. నేను తరచుగా గెలిచేదాన్ని. రెండో ఏడాది వేసవి సెలవుల్లో ఆ విద్యను ఇంట్లో ప్రయోగించాను. వరండాలో కూర్చుని నాయన కత్తికి పదును తీస్తుంటే ఎదురుగా కూర్చుని అడిగాను.

"ఒకరికి గీరుకుని నెత్తురొస్తే కత్తిని మందు నీళ్ళలో కడుగుతావు. ఆ తోలునేం చేస్తావు నాయనా? ఉడకబెడతావా?"

"తోలును ఉడకబెడితే ఇంకేముంది తల్లీ, కూర వండుకోవాల" అని నవ్వాడు.

"నవ్వద్దు. ఒకరి నెత్తురు దాంట్లో ఇంకుతుంది. మళ్ళీ అదే తోలు మీద తీసిన కత్తి ఇంకొకరి చెంప మీద పెడతావు."

"ఇన్నేండ్లుగా తిరుగుతాండా. ఎవురికీ ఏం కాలేదు."

"కాలేదని నీకెట్ల తెలుసు? కామెర్లు వచ్చినోళ్ళు నీకొచ్చి చెప్పి పోతారా?"

ఆయన చేయి ఆగింది. "నీతో వాదించేదానికి నా దగ్గర చదువు ల్యా. కానీ నువ్వు చెప్పేది నిజమనిపిస్తాంది" అన్నాడు. ఒకసారికి వాడి పారేసే సగం బ్లేడు పెట్టుకునే రేజర్ తప్ప ఇంకేదీ వాడనని నా చేతిలో చేయి వేసి మాట ఇచ్చాడు. కత్తి, తోలు ట్రంకు పెట్టెలోకి పోయాయి.

నా వాదం సరైనది. ఇప్పటికీ దానిలో ఒక్క వాక్యాన్ని కూడా వెనక్కి తీసుకోలేను. అయితే దాని కింద పైకి చెప్పని మరొక వాదం ఉంది. అర్ధవీడు బస్సులో మా కళాశాల పిల్లలు తిరిగేవాళ్ళు. ఆ సంచితో, ఆ తోలుతో నాయన వాళ్ళ కంట పడడం నాకు ఇష్టం లేదు. చేతులకు కొత్త రేజర్ అలవాటు కాక ఆయనే ఈ తిరుగుడు మానుకుంటాడని ఆశపడ్డాను. శుభ్రత కోసం మాట్లాడినప్పుడు నా గొంతులో ఉన్న బలం కొంత అక్కడి నుంచి వచ్చింది.

అర్ధవీడు దాటాక, కొండ అంచున ఉన్న ఒక ఊళ్ళో నాయనకు పాత గిరాకీ ఒకాయన ఉండేవాడు. ఒకప్పుడు గొర్రెలు కాసిన మనిషి. పక్షవాతం వచ్చి ముఖంలో ఎడమ సగం జారిపోయింది. కొడుకు బెంగళూరులో ఇళ్ళ కట్టుబడి పనికి పోతే, కోడలు ఆయనను చూసుకునేది. ముసలాయన నాయనను "అల్లుడా" అనేవాడు. నాయన ఆయనను "మామా" అనేవాడు. ఏ చుట్టరికమూ లేదు. జారిపోయిన చెంపను గొరగాలంటే చర్మం బిగువుగా ఉండాలి గనుక నాయన తన బొటనవేలు ఆయన నోట్లో పెట్టి చెంపను లోపలి నుంచి ఎత్తిపట్టేవాడు. చిన్నప్పుడు నాయన వెంట వెళ్ళినప్పుడు ఆ తతంగం చూశాను.

"వేలు కొరికితే ఏం జేస్తావు అల్లుడా?"

"కొరికేదానికి పండ్లేవి మామా?"

"చిగుర్లతోనే కొరుకుతా సూడు."

కొత్త రేజర్‌తో నాయన మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళిన రోజు నేనూ వెళ్ళాను, నా గెలుపు ఎట్లా పనిచేస్తుందో చూడాలని. సంగతంతా విని ముసలాయన నా వైపు తిరిగి, వంకర నోటితోనే నవ్వాడు. "నీ బిడ్డ కాలేజీకి పోయి, ముందు నీకే గుండు గొరిగింది గదా అల్లుడా!"

పాత కత్తికి బరువుంది. చేయి ఆనిస్తే అదే జారుతుంది. సగం బ్లేడుకు బరువు లేదు, పదును మాత్రం ఎక్కువ. వదులైన చర్మం మీద అది ఎగిరి పడింది. దవడ కింద రెండు చోట్ల తెగింది. నెత్తురు పలచబడే మాత్రలు వాడే మనిషి గనుక ఎంతకీ ఆగలేదు. నాయన పటిక ముక్క అదిమిపట్టి కూర్చున్నాడు. నెత్తురు ఆగిన తరువాత కోడలు మెల్లగా చెప్పింది. "కొన్నాళ్ళు వద్దులే అన్నా. నాకు భయమేస్తాంది."

బ్యాటరీతో నడిచే ట్రిమ్మర్ కొని తెస్తానని ఆ రోజే నాయనకు చెప్పాను. తరువాత కళాశాలలో పోటీ వచ్చింది, దాని వెనుక పరీక్షలు వచ్చాయి. అక్కడ ముసలాయన గడ్డం పెరిగింది. ఎడమ వైపు నోటి నుంచి కారే చొంగ ఆ గడ్డంలో చిక్కుకుని, కింద చర్మం పుండ్లు పడిందని కోడలు ఫోన్‌లో చెప్పింది. గొర్రెల వెంట అడవిలో తిరిగిన రోజుల్లో కూడా వారానికొకసారి గడ్డం గీయించుకున్న మనిషి. ఇప్పుడు అద్దం అడగడం మానేశాడట. ఎవరైనా పలకరించడానికి వస్తే గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడట.

ఒక సోమవారం సాయంత్రం ఆయనే ఫోన్ చేయించాడు. నేను ఇంట్లోనే ఉన్నాను. నాయన స్పీకర్ పెట్టాడు. మాట ముద్దముద్దగా వచ్చినా, మాకు అర్థమైంది.

"అల్లుడా, మొగం ఇట్లనే పెట్టుకోని పొమ్మంటావా నన్ను?"

"ఎక్కడికి పోతావు మామా, ఊరుకో. మా బిడ్డ మిషన్ తెస్తానంటాంది."

"గొర్రెలకు కొట్టే మిషనా? నాకేం ఉన్ని కావాల్నా? ఆ పాత కత్తి ఎత్తుకోని రా. నీ చెయ్యి తగిలి ఎన్నాళ్ళాయె."

నాయన ఫోన్‌ను అరచేత్తో మూసి నా వైపు చూశాడు. ఆ చూపులో ఉన్నది అనుమతి అడగడం. కన్నకూతురిని ఒక తండ్రి అట్లా అడగడం నేను అంతకుముందు చూడలేదు.

"ఈ ఒక్కసారికి తల్లీ. ఆ ముసలాయనకు ఇంగ కొత్తగా వచ్చే రోగమేముంది?"

"ఆయనకు వచ్చేది కాదు నాయనా, ఆయన తరువాత మనిషికి వచ్చేది. ఈయనకు సడలిస్తే రేపు రాచర్లలో అడిగినోళ్ళకు ఏం చెప్తావు?" అన్నాను. అని ఊరుకోలేదు. "అయినా రేపు మంగళవారం గదా. నువ్వెట్లాగూ కత్తి ముట్టవు. రేపు నేను మార్కాపురం పోయి మిషన్ కొనుక్కొస్తా, ఎల్లుండి ఇద్దరం పోదాం."

మంగళవారం మా వాళ్ళు కత్తి పట్టరు; అది మా కులానికి సెలవు, దానితోపాటు ఒక నమ్మకం కూడా. ఆ నమ్మకాన్ని నేను ఏళ్ళ తరబడి వెక్కిరించాను. వారాలకు మంచీ చెడూ ఏమిటని నాయనతో కూడా వాదించాను. ఆ సాయంత్రం మాత్రం, నాకు అవసరమైనప్పుడు, ఆ మంగళవారం వెనుకే నిలబడ్డాను. నాయన ఫోన్ మీద నుంచి చేయి తీసి "బుధవారం పొద్దున్నే వస్తా మామా" అని చెప్పాడు. అవతలి నుంచి "సరేలే" అని వినిపించింది.

మంగళవారం మధ్యాహ్నం మార్కాపురం బస్టాండులో, ట్రిమ్మర్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కంభం బస్సు కోసం కూర్చున్నప్పుడు నాయన ఫోన్ చేశాడు. "మామ పోయినాడంట" అన్నాడు. ఫోన్ పెట్టేయలేదు. అటువైపు ఆయన ఊపిరి వినబడుతూ ఉంది. నా బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

కొడుకు బెంగళూరు నుంచి రావాలి గనుక శవాన్ని బుధవారం దాకా ఉంచారు. ఆ పొద్దున నాయన ట్రంకు పెట్టె తెరిచి కత్తి, తోలు తీశాడు. చెక్క చీల వదులైతే రోకలితో మెల్లగా తట్టాడు. తలెత్తకుండానే అడిగాడు. "చచ్చిపోయినాయన మీద పెట్టినంక ఈ కత్తి ఇంకెవురి మీదా పెట్టను. ఇది మాట తప్పినట్టు కాదు గదా తల్లీ?"

కాదన్నాను.

స్నానానికి ముందు మంచం పక్కన గోనెపట్టా మీద కూర్చుని, మోకాలి మీద తోలు పెట్టుకుని నాయన పదును తీశాడు. ఆడవాళ్ళ ఏడుపు కొంచెం తగ్గింది, ఆ చప్పుడు వినడానికన్నట్టు. దవడ బిగుసుకుపోయింది, వేలు లోపలికి పోదు. నాయన కాసేపు తడుముకుని నన్ను పిలిచాడు. "చెంప పైకి లాగి పట్టు." పట్టుకున్నాను. చర్మం చల్లగా, తడి మట్టిలా ఉంది. గడ్డం తొలగుతున్న కొద్దీ కింద పుండ్లు బయటపడ్డాయి. ఒక్కొక్క పుండు దగ్గర నాయన కత్తి ఆపి, పక్కకు జరిపి, మళ్ళీ పెట్టాడు, బతికున్న మనిషికి నొప్పి తగలకుండా చూసుకున్నట్టే. ఒక్క గాటు కూడా పడలేదు. ముఖం ముఖమై వచ్చింది.

నీళ్ళ బిందెతో వచ్చిన కోడలు నాయనను అడిగింది. "ఈ కత్తి ఇంక వాడవా అన్నా?"

"వాడనమ్మా. ఇది మామతోనే సరి."

ఆమె ఆ ముఖాన్ని చూస్తూ నిలబడింది. తరువాత, నిందగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది. "మామకొక్కడికే అని ముందే అనుకునింటే సరిపోయేది గదన్నా? ఆ కత్తి, ఆ తోలు మా ఇంట్లో గూట్లో పెట్టిపోయింటే, ఆయనకు దప్ప ఇంకెవురికీ తగలవు గదా."

నేను ఇంకా చెంప పట్టుకునే ఉన్నాను. నాయన కత్తి తుడుస్తున్నాడు. తోలు మంచిదా చెడ్డదా అని వాదించాను. వాడాలా వద్దా అని వాదించాను. ఒక మనిషికి ఒక తోలు అన్న మాట నా బుర్రలోకి రాలేదు. బడి ముఖం చూడని ఆమెకు, బిందె దించేలోగా తట్టింది.

"నాకూ తట్టలేదమ్మా" అన్నాడు నాయన. తప్పులో సగం తన మీదికి తీసుకున్నాడు. అదీ నా ముందు, నాకు వినబడేటట్టు.

ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. మధ్యలో ఎవరో ఎక్కి, ఎవరో దిగారు. కంభం ఇంకా దూరం ఉందనగా నాయన నన్నొక ప్రశ్న అడిగాడు. ఆయన నన్ను ప్రశ్న అడగడమే అరుదు.

"సోమవారం నేను ఇంకొంచెం గట్టిగా అడిగింటే, సరే అనేదానివా తల్లీ?"

"అనేదాన్ని" అన్నాను.

ఆయన తల ఊపి బయటికి చూశాడు. ఎండిన చేలు, మేకలు వెనక్కి పోతున్నాయి. ఆ జవాబు నిజమో కాదో నాకు తెలియదు. ఎన్నిసార్లు ఆ సాయంత్రం దగ్గరికి వెళ్ళి నిలబడినా, నాయన గట్టిగా అడగడం ఊహించగలుగుతున్నాను. నేను సరే అనడం మాత్రం వినబడదు.