ఆయం కోసం అడుగున్నర

మా ఇల్లు కట్టడం పూర్తయి ఏడాది దాటింది. రంగులు వేశారు, తలుపులు బిగించారు, కిటికీలకు దోమల వల కూడా కొట్టించాం. అందులో ఉండడానికి మాత్రం మాకు వీల్లేదు. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి చూసి, ప్లానులో ఉన్నట్టే కట్టారని కాగితం ఇస్తేనే కాపురం పెట్టాలి. అప్పుడే నీళ్ళ కనెక్షను ఇస్తారు. ఆ కాగితం మాకు రాలేదు. ఇంక వస్తుందన్న ఆశ కూడా నాకు లేదు.

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, చివరి పదేళ్ళూ తయారైన సామాను కొలిచి పాస్ చేసే చోట పనిచేశాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపించేసేవాడు. ఆ చాదస్తం ఇంటికీ తెచ్చేవాడు. గోడకి క్యాలెండరు తగిలించాలన్నా టేపు తీసేవాడు. నేను నవ్వితే కోపమొచ్చేది. రిటైరయ్యాక న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో క్వార్టరు కొన్ని నెలలే ఉంచుకోనిస్తారు కాబట్టి, ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే ఖరిదా బజారు అవతల కొన్న స్థలంలో ఇల్లు మొదలెట్టాం. ప్లాను గీయించి, మున్సిపాలిటీలో పాస్ చేయించి, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాడు.

పునాది తవ్వే ముందు నేను ఊరికి ఫోన్ చేశాను. శ్రీకాకుళం దగ్గర మా పుట్టింటివాళ్ళకి ముహూర్తాలు పెట్టే సిద్ధాంతిగారు ఉన్నారు. ప్లానులో కొలతలు చదివి వినిపిస్తే ఆయన వాస్తు లెక్క కట్టి, ఆ పొడవు వెడల్పులకి ఆయం కుదరలేదన్నారు. వెడల్పు అడుగున్నర పెంచితే ధ్వజాయం వస్తుందట, ఇంటికి అదే అన్నిటికన్నా శుభమట. ఈ బెంగాలీ ఊళ్ళో మా తెలుగువాళ్ళు ఇల్లు కడితే అందరూ చేసే పనే ఇది. ప్లాను ఇక్కడి ఇంజనీరు గీస్తాడు, కొలత ఊళ్ళో సిద్ధాంతి చెబుతాడు. ఆ రెండూ ఒకటి కావాలని ఎవరికీ తోచదు.

మా ఆయన ససేమిరా అన్నాడు. పక్క స్థలానికీ మన గోడకీ మధ్య మున్సిపాలిటీ వదలమన్న సందు అది, అందులోకి జరగకూడదని చెప్పాడు. నేను వింటేనా. నా నోటికి అప్పుడు అడ్డూ ఆపూ లేదు.

"ముప్పై రెండేళ్ళు సర్కారోడి కొలతల్లో కాపరం సేసినాను. ఒక్క ఇల్లు నా కొలతతో కట్టలేరా?" అన్నాను.

మూడు రోజులు మాట్లాడలేదు. వండి గిన్నెలు ముందు పెట్టి పక్క గదిలోకి పోయేదాన్ని. నాలుగో రోజు ఆయన సైకిలేసుకుని వెళ్ళి, మేస్త్రీ చూస్తుండగా తనే సున్నంతో కొత్త గీత గీసి వచ్చాడు. ఆ మాట చెప్పి అన్నం పెట్టమన్నాడు. గెలిచాననుకుని నేను ఆ రోజు చేపల పులుసు చేశాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఇల్లయింది, ఆయన రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేయాల్సిన తేదీ దగ్గర పడుతుండగా ఇన్‌స్పెక్షన్‌కి దరఖాస్తు పెట్టాం. వచ్చిన ఇంజనీరు బెంగాలీ, వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. బాబాయి, పిన్ని అన్నట్టు మా ఆయన్ని కాకు అనీ, నన్ను కాకీమా అనీ పిలిచాడు. నేనిచ్చిన టీ తాగాడు. ముందు గది బాగుందన్నాడు. తర్వాత సందులోకి వెళ్ళి టేపు ఒక కొస మా ఆయన చేతికిచ్చి పట్టుకోమన్నాడు. ఈయన పట్టుకున్నాడు. అతను అంకె చదవకముందే ఈయనకి తెలుసు. ఆ మొహం నేను వాకిట్లోంచి చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

ఇంజనీరు ప్లాను రెండుసార్లు తిప్పి చూసి, గోడ ఎలా జరిగింది, ఎవరు జరిపారు అని అడిగాడు. నిలదీయడానికి కాదు, రాసుకోవడానికి. నాకు బెంగాలీ బాగానే వచ్చు. నేనే జరిపించానని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. నేను వంగి అతను తాగిన టీ కప్పు తీశాను.

"నేనే కొలత తప్పాను బాబూ," అన్నాడు మా ఆయన బెంగాలీలో.

వర్క్‌షాపులో ఏం చేసేవారు కాకు అని అతను మాటవరసకి అడిగాడు. కొలిచే పనేనని ఈయన చెప్పాడు. అతను తల దించుకుని రాసుకున్నాడు. ప్లానులో ఉన్నంత సందు వదిలితేనే కాగితం వస్తుందని చెప్పి వెళ్ళాడు. అతన్ని ఏమీ అనలేను, ఉన్నదే రాశాడు.

మర్నాడు మేస్త్రీని పిలిపించాం. గోడ కొట్టేసి లోపలికి కట్టుకోవచ్చని నా పిచ్చి ఆశ. అతను పైకి చూపించాడు. స్లాబు బరువు ఆ గోడలోని పిల్లర్ల మీదే ఉంది, అవి తీస్తే కప్పు నిలవదన్నాడు. జరిమానా కట్టి సరిచేయించుకుంటామని ఆఫీసులో బతిమాలాం, అంత తేడాకి కుదరదన్నారు. పడగొట్టి మళ్ళీ కట్టే ఓపికా లేదు, స్తోమతూ లేదు. సిద్ధాంతిగారికి ఫోన్ చేసి ఏడిస్తే, ఆయం కుదిరిన ఇంటికి ఏ కీడూ రాదమ్మా అని ధైర్యం చెప్పారు. ఆయన్ని మాత్రం ఏమని తిట్టను? అడిగింది నేను.

గడువుకి క్వార్టరు అప్పజెప్పేశాం. నిమ్‌పురాలో ఒక్క గది అద్దెకి తీసుకుని ఉంటున్నాం. కొత్తింటికి నెలకోసారి వెళ్ళి బూజు దులిపి వస్తాను. మొదట్లో ఆయనా వచ్చేవాడు, ఇప్పుడు రాడు. ఇంజనీరుతో ఎందుకలా చెప్పారని ఒకసారి అడిగాను.

"మరేటి సెప్పమంతావు? గీత గీసింది నేనే గదా," అన్నాడు.

కోపంగా అనుంటే నేనూ ఏదో ఒకటి అని ఏడ్చేదాన్ని. మామూలుగా అన్నాడు.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు అప్పుడప్పుడూ చూడ్డానికి వస్తారు. కొత్తింట్లోకి ఎప్పుడెళ్తారని అడుగుతారు. ఆయన అందరికీ ఒకటే చెబుతాడు, కొలత తప్పానని. వాళ్ళు నమ్మరు, వేళాకోళం అనుకుని నవ్వేస్తారు. మొన్న వచ్చినతను మాత్రం నమ్మాడు.

"వయసు మీద పడితే సూపు ఆనదు కదా గురువుగారూ," అన్నాడు జాలిగా.

మా ఆయన అవునన్నాడు. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.