అర్థం చెప్పాకే కాగితం

ప్లీడరుగారి వరండాలో ఒక మూల ఆమె టైపు మిషను. బేరమంతా ఆయన దగ్గరికొచ్చేవాళ్లదే. ఆ మూల పోతే ఆమె పొయ్యి ఆరిపోయినట్టే. అందరూ ‘హియర్‌బై అక్క’ అని పిలుస్తారు. అర్థం విప్పి చెప్పందే ఏ అగ్రిమెంటూ సంతకానికి ఇవ్వదు.

కొత్తలో ఆమెకూ ఏమీ తెలియదు. ‘హియర్‌బై’ అంటే ‘ఇక్కడ పక్కన’ అనుకుని ఒక పెద్దాయన చేత కాగితం అంచున సంతకం పెట్టించింది. వరండా అంతా పడీ పడీ నవ్వింది. ఆ అవమానాన్ని ఆమె దిగమింగి ఊరుకోలేదు. పేవ్‌మెంటు మీద పాత డిక్షనరీ కొని, అన్నం తింటూ కూడా చదివింది. ‘హియర్’ అంటే ఈ కాగితం. ‘దేర్’ అంటే ముందు చెప్పిన ఆ సంగతి. ‘హియర్‌బై’ మన ‘ఇందుమూలంగా’, ‘దేర్‌ఇన్’ మన ‘అందులో’. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు ఇళ్లల్లోనూ ఇలాగే అతికించి మాట్లాడుకునేవాళ్లట. జనం వదిలేశారు, కోర్టులు వదల్లేదు. వాడుకలో అరిగిన మాటలకు కాగితం మీద కోరలు మొలిచాయి.

ఆ రోజు ఇస్త్రీ అతను గది అద్దెకు తీసుకోవడానికి వచ్చాడు. ప్లీడరు రాసిచ్చిన అగ్రిమెంటు అతనికి చదివి వినిపిస్తూ ఆమె ఒకచోట ఆగింది.

“తమ్ముడూ, అద్దె ఒక్క నెల తప్పినా గదీ, ‘దేర్‌ఇన్’, అంటే అందులో ఉన్నవన్నీ ఓనరువేనట.”

“నా ఇస్త్రీ పెట్టెలు కూడానా అక్కా?”

“ఆ టైముకి నువ్వు లోపల నిద్రపోతుంటే నువ్వు కూడా!”

లోపలినుంచి ప్లీడరు వచ్చాడు. ఆయనకు ఆ మాట అర్థం బాగా తెలుసు. గది ఓనరు కోసం తెలిసే రాశాడు.

“టైపు కొట్టమన్నానమ్మా, పురాణం చెప్పమనలేదు.”

“చెప్పందే ఇవ్వనండీ.”

“అయితే ఇంకో వరండా చూసుకో.”

ఆమె ఒక్క క్షణం ఆ మూలను చూసింది. తర్వాత మిషను మీద కవరు కప్పి, రెండు చేతులతో ఎత్తింది. ఇస్త్రీ అతను పరుగున వచ్చి ఒక కొస పట్టుకున్నాడు.

“నా మూలాన నీకెందుకక్కా ఈ తిప్పలు? సంతకం పెట్టేస్తాలే.”

“పెట్టావంటే ఈ మిషను నీ నెత్తిన దించుతా. లోపలికెళ్లి, ఆ మాట తీసేస్తేనే గది తీసుకుంటానని చెప్పు. నీ నోటితో నువ్వే చెప్పాలి.”

అతను లోపలికి వెళ్లాడు. లోపల గొంతులు లేచాయి. అందులో అతని గొంతూ ఉంది.

ఆమె రోడ్డు మీది మెట్టుపై మిషను దించి, ఆ మాట లేకుండా కొత్త అగ్రిమెంటు కొట్టడం మొదలుపెట్టింది.