ఆరింటికి మొదలయ్యే రోజు

హైదరాబాద్ టీముకి బుర్ర లేదని నేను చాలా తొందరగా తేల్చేశాను. ప్రాజెక్టు మొదలైన రెండో వారంలోనే. మాది మూడు ఊళ్ల సంసారం. ప్రోగ్రాము రాసేది హైదరాబాదులో, తప్పులు పట్టేది పూణేలో, కార్ఖానాకి ఏం కావాలో కనుక్కుని వాళ్లందరికీ రాసి పంపేది ఉత్తరాదిన ఆదిత్యపూర్‌లో కూర్చున్న నేను. ఒకరి మొహం ఒకరం చూసింది లేదు. బుధవారం బుధవారం మా మేనేజరు గదిలో స్పీకర్ ఫోను ముందు కూర్చుని అరుచుకునేవాళ్లం. నేనేం అడిగినా హైదరాబాద్ టీము పెద్ద "చూద్దామండీ" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఫోనులో అనలేనివన్నీ మెయిల్లో లావు అక్షరాలతో పెట్టేదాన్ని.

మేం చేస్తున్నది హాజరు వేసే సాఫ్ట్‌వేరు. గేటు దగ్గర కార్డు గీకితే ఎవరొచ్చారో, ఎవరు నాగా పెట్టారో అదే తేల్చేస్తుంది. ఆ కార్ఖానాలోనే మా నాన్న క్రేన్ ఆపరేటరు. నేను పుట్టకముందు చేరాడు. సెలవు కావాలంటే ముందే రాసిచ్చేవాడు, లేకపోతే డ్యూటీలో ఉండేవాడు. ఆయన సర్వీసు పుస్తకంలో నాగా అన్నది ఒక్కటి కూడా లేదు. ఆయనకున్న గర్వం ఇదొక్కటే గానీ, అది మాత్రం చాలా పెద్దది. ఇంటికి చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు ఆ సంగతే వచ్చేది.

కొత్త సాఫ్ట్‌వేరు పెట్టిన మొదటి నెలాఖరులో ఒక సోమవారం, నాన్న మధ్యాహ్నం రెండుకి డ్యూటీ దిగి తిన్నగా మా ఆఫీసుకే వచ్చాడు.

"ఏటే పాపా, నీ కంపూటరు నాకు ఆర్రోజులు నాగా ఏసింది!"

"క్యా? కైసే?" అన్నాను. పెద్దవాళ్లు తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం ఇక్కడే పుట్టి పెరిగిన మా ఈడు తెలుగువాళ్లందరి అలవాటు.

"ఎలగో నాకేటి తెలుసు? గేటు కాడ లిస్టు అంటించినారు. కిందటి వారం నాది నైట్ డ్యూటీ గదా. ఈ నెల నైట్ సేసినోల్లందరికీ ఇదే గోల."

హాజరు గుమాస్తా అప్పటికే ఉపాయం చెప్పాడట. గైర్హాజరును మన్నించమని వేడుకునే ఫారం ఒకటుంది, దాని మీద సంతకం పెడితే సరిచేసేస్తారు. అందరూ పెట్టేశారు. నాన్న పెట్టలేదు.

"రానోడు అడుగుతాడు మన్నించమని. నాను వచ్చినాను గదా, ఏటికి అడగాల?"

శనివారం లిస్టు ఖాయం చేసేస్తారు. ఈలోగా సాఫ్ట్‌వేరు బాగుపడకపోతే ఆ ఆరు నాగాలూ సర్వీసు పుస్తకంలోకి ఎక్కిపోతాయి, ఇక చెరగవు. సంతకం పెట్టమని ఎంత చెప్పినా నాన్న వినలేదు. నా మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆశ్చర్యపోలేదు.

ఇక నేను హైదరాబాద్ మీద పడ్డాను. "మీలో ఒక్కరైనా రాత్రి డ్యూటీ చేసే మనిషిని చూశారా?" అని మెయిలు పెట్టాను. పూణేకీ, మా మేనేజరుకీ కూడా ఒక్కో కాపీ. గంటలో జవాబొచ్చింది, ఎప్పట్లాగే మర్యాదగా. "సాఫ్ట్‌వేరు అర్ధరాత్రి తేదీ మార్చేస్తోందండీ. రాత్రి పదికి వచ్చినవాళ్లు ఆ తేదీలో బయటికి వెళ్లినట్టు కనబడరు. మర్నాడు వెళ్లేటప్పుడు లోపలికి వచ్చినట్టు కనబడరు. అందుకే ఆ డ్యూటీ లెక్కలోకి రావడం లేదు. మీ దగ్గర రోజు ఎన్నింటికి మొదలవుతుందో మీరు పంపిన పత్రంలో ఏ పేజీలో ఉందో చెప్పగలరా? మాకు దొరకలేదు."

పత్రం తిరగేశాను. క్యాంటీన్లో టీ ఇచ్చే వేళ ఉంది. కార్డుల రంగు ఉంది. గేటు దగ్గర వాన పడితే మిషను తడుస్తుందన్న హెచ్చరిక కూడా ఉంది. రోజు ఆరుకి మొదలవుతుందన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు.

ఎందుకుంటుంది? మా ఇంట్లో రోజు ఎప్పుడూ పొద్దున్న ఆరింటికి కూసే కార్ఖానాల భోంపుతోనే మొదలయ్యేది. నాన్న సోమవారం రాత్రి వెళ్లి మంగళవారం పొద్దున్న వస్తే, చేసింది సోమవారం డ్యూటీ. ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పాకే అమ్మ క్యాలెండర్లో కాగితం చింపేది. గడియారం చూడటం రాకముందే నాకది తెలుసు. అన్నం చేత్తో తింటామని ఎవరైనా పనిగట్టుకుని రాస్తారా?

జవాబివ్వలేదు. పౌరుషం అడ్డొచ్చింది. మంగళవారం హైదరాబాద్ టీము పెద్దే మళ్లీ రాశాడు. రాత్రి డ్యూటీ చేసే ఒకరిని రేపు ఫోనులో మాట్లాడించగలరా అని.

బుధవారం నాన్న డ్యూటీ దిగి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని మా మేనేజరు గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. అవతల తెలుగు వినబడేసరికి కాస్త వెనక్కి జరిగాడు.

"నమస్కారమండీ. రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో మొదటినుంచీ చెప్పండి. మేము రాసుకుంటాం."

"రోజు ఆరుకి మొదలవుద్ది బాబూ, మళ్లీ ఆరుకి అయిపోద్ది. మద్దెన పన్నెండు కొడితే మాకేటి? ఇంకోటి రాసుకోండి. నా తరవాతోడు పైకెక్కినంత వరకూ నాను క్రేన్ దిగను. ఆడు ఆలీసమైతే ఏడవుద్ది, ఎనిమిదవుద్ది. అది కూడా ఆ రోజు డ్యూటీయే."

నా పత్రంలో అదీ లేదు. నాన్న ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అటునుంచి కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

తెలుగు రాని మా మేనేజరు ఓపిగ్గా అంతా అయ్యేదాకా ఆగి, "తో గల్తీ కిస్‌కీ థీ?" అన్నాడు. తప్పెవరిదో తేలాలి కదా.

"మేమే అడగాల్సిందండీ, అడగలేదు" అన్నాడు హైదరాబాద్ మనిషి, హిందీలో.

అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. ఇన్నాళ్లూ నేను తిట్టిపోసిన మనిషి నన్ను కాపాడుతుంటే మాత్రం భరించలేకపోయాను. "కాదు, నేను రాయలేదు. తప్పు నాదే" అన్నాను. మేనేజరు మొహం చూడలేదు. నాన్న మొహం అసలే చూడలేదు.

శుక్రవారానికి హైదరాబాద్ సరిచేసింది, పూణే సరేనంది. శనివారం గేటు దగ్గర కొత్త లిస్టు అంటించారు. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ ఆరు తేదీలూ వేలితో రెండుసార్లు చూసుకున్నాడు. ఆరింటికీ హాజరే. వచ్చి నా స్కూటీ వెనక కూర్చున్నాడు.

ఖర్కాయి నది వంతెన దాటాక అన్నాడు. "ఆ ఐద్రాబాద్ బాబు మంచోడే. నైట్ డ్యూటీ ఎలగుంటాదని అడిగినాడు. ఇన్నేళ్లలో నన్నలగ అడిగినోడు ఆడొక్కడే."

నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆ మనిషి మా నాన్నని చూడనైనా లేదు. నేను పుట్టినప్పటి నుంచీ ఆయనతో ఒకే ఇంట్లో ఉంటున్నాను.

"నాన్నా, అంత పైన రాత్రంతా ఒక్కడివే కూర్చుంటావు కదా, నిద్ర రాదా?" అన్నాను.

"నిదరేటే!" అని మొదలుపెట్టాడు. మా బిర్సానగర్ వచ్చేసింది. ఇంటి ముందు బండి ఆపాను. నాన్న దిగలేదు, ఇంకా చెబుతూనే ఉన్నాడు.