మా ఆవిడ గీసిన రెండు గీతలు

మా ఆవిడ దర్జీ. మెడలో టేపు లేకుండా ఆవిడ కనిపించేది మా పెళ్ళి ఫొటోలోనే. ఎవరి గుడ్డ కత్తిరించినా లోపల వేలెడు వదిలేస్తుంది. "మనిషన్నాక ఒళ్ళు రాకుండా ఉంటుందా? అప్పుడు కుట్టు విప్పుకుంటే సరి" అంటుంది. అందుకు నా చొక్కాలే సాక్ష్యం.

అలాంటి మనిషి మీద తమ్ముడి పెళ్ళి విందు పడింది. మా బావమరిది లారీ డ్రైవరు. యాభై దగ్గరపడి, ఇక వీడి గతి ఇంతేనని మేమంతా చేతులెత్తేశాక, బేకరీ నడిపే ఒకావిడ వాణ్ణి ఒప్పుకుంది. వెనకటికి ఆవిడకు ఒక సంబంధం కుదిరింది. విందులో అనుమతి లేని మందు పోస్తుంటే అధికారులొచ్చి ఆపేశారు, గొడవలో సంబంధం కాస్తా చెదిరింది. "ఈసారీ ఎవరైనా వచ్చి విందు ఆపారంటే నేను చెప్పులేసుకుని వెళ్ళిపోతానన్నయ్యా. వెనక్కి పిలవొద్దు" అని నాతో ముందే చెప్పింది. మందు లేని విందుకు రామని వాడి తోటి డ్రైవర్లు భీష్మించుకున్నారు.

"పర్మిట్ నేను తెస్తా" అంది మా ఆవిడ. దగ్గు మందుకే ముక్కు మూసుకునే మనిషి. నాకు నవ్వాగలేదు. దాని ఫలితంగా వారమంతా కాఫీ నేనే పెట్టుకున్నాను.

మందు పోసే చోటికి కొలతలతో ప్లాను కావాలన్నారు ఎక్సైజ్ ఆఫీసులో. ఈవిడ పెళ్ళి హాలు వెనక పెరడంతా కొలిచి, జాకెట్టుకు గీసినట్టే కాగితం మీద గీసి పట్టుకెళ్ళింది. గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఏమిటమ్మా ఈ రెండు గీతలు?"

"లోపలిది కుట్టు. బయటిది కత్తిరింపు."

"ఇదేమన్నా జాకెట్టా తల్లీ? హద్దు ఒక్కటే ఉండాలి" అని విసుక్కుని, బయటి గీత మీద ఎర్ర పెన్ను తిప్పి, ముద్ర కొట్టేశాడు. ఆ గీత దాటి గ్లాసు కనిపిస్తే విందు ఆపేస్తామని మరీమరీ చెప్పాడు. కాగితం మీద వేలెడు వదిలింది, నేల మీద నాలుగు బారలైంది.

అయినా విందు రోజున మా ఆవిడ తాడు కట్టింది లోపలి గీత దగ్గరే. పట్టుచీర మీద టేపు వేసుకుని ఆ పక్కనే కుర్చీలో కూర్చుంది. "తాడు దాటితే కాళ్ళు విరగ్గొడతా" అంటే డ్రైవర్లు బుద్ధిగా తలూపారు. పాటలు మొదలయ్యేదాకానే ఆ బుద్ధి. ఎవడు నెట్టాడో ఏమో, ముడి ఊడిపోయి, గ్లాసులతో సహా గుంపంతా బయటకు పొర్లింది. అందరికంటే ముందు పెళ్ళికొడుకు. గ్లాసు నెత్తిన పెట్టుకుని గిరగిరా తిరుగుతున్నాడు వెధవ.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు దిగాడు. పాట ఆగిపోయింది. ఆయన నేల మీది తాడు చూశాడు, దాని అవతల మా వాడి కాళ్ళు చూశాడు.

"హద్దు దాటారుగా. ఆపేయండి."

పెళ్ళికూతురు వంగి, కుర్చీ కింద ఉన్న చెప్పులు చేతిలోకి తీసుకుంది.

మా ఆవిడ ముద్ర కొట్టిన ప్లాను ఆయన చేతికిచ్చి, మెడలోంచి టేపు లాగింది. "తాడు నాది సార్. హద్దు మీ ఆఫీసు గీసిన ఎర్రగీత. కొలుచుకోండి. ఒరేయ్, నువ్వు కదిలావంటే చంపుతా."

వాడు నెత్తిన గ్లాసుతో బిగుసుకుపోయాడు. దర్జీ టేపు పొట్టిది కదా, ఒక కొస ఇన్‌స్పెక్టరు, ఒక కొస ఈవిడ పట్టుకుని, వంగుతూ లేస్తూ గోడ దగ్గర్నుంచి వచ్చారు. ఎర్రగీత మా వాడి బొటనవేలికి జానెడు అవతల తేలింది. ఇన్‌స్పెక్టరు ప్లాను అటూ ఇటూ తిప్పి, "లోపలే ఉన్నాడు" అని ఒప్పుకున్నాడు.

పెళ్ళికూతురు చేతిలో చెప్పులతోనే మా ఆవిడ దగ్గరకొచ్చింది.

"నా జాకెట్టులో కూడా ఇలాగే వదిలారా వదినా?"

"వదలక? వీడితో ఎన్నేళ్ళుండాలి నువ్వు?"

"ఇవి పట్టుకోండన్నయ్యా" అని ఆవిడ చెప్పులు నా చేతిలో పెట్టింది. వెళ్ళి, మొగుడి నెత్తిమీది గ్లాసు తీసి, గటగటా తాగేసి, వాడి చెయ్యి పట్టుకుని తిప్పింది. చెరో చేతిలో చెప్పుతో నేనూ గెంతాను. విందు ముగిసేదాకా వాటిని ఆవిడ అడగనే లేదు.