మూడు మిస్డ్ కాల్స్

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, పత్తి ఏరే కాలంలో, నారాయణఖేడ్ చుట్టుపక్కల ఒక చిన్న ఠాణాలో నన్ను రిసెప్షన్ బల్ల దగ్గర వేశారు. హోదా హెడ్ కానిస్టేబుల్. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, దరఖాస్తు రాయించి, రసీదు ఇవ్వడం నా పని. ఠాణా సెల్‌ఫోన్ ఎత్తడం కూడా నాదే. బడి గడప తొక్కకుండా, అమ్మ పక్కన కూర్చుని బైబిలులో అక్షరాలు నేర్చుకుని, ప్రైవేటుగా పదో తరగతి కట్టినదాన్ని. అలాంటి నాకు కుర్చీ, బల్ల, నెత్తిన ఫ్యాను కూడా దొరికాయని రోజూ దేవునికి స్తోత్రం చెప్పుకున్నాకే ఫోన్ ముట్టుకునేదాన్ని.

మా ఎస్సై కొత్తగా వచ్చాడు, చురుకైన మనిషి. జనం పోలీసులకు ఫోన్ చేయడానికి జంకకూడదని ఆయన పట్టుదల. ప్రతి ఊరి పంచాయతీ గోడ మీద ఆ ఊరు చూసుకునే కానిస్టేబుల్ పేరు, కింద ఠాణా నంబరు నీలం రంగుతో రాయించాడు. ప్రాణం మీదికొస్తే వందకు కొట్టండి, మిగతా వాటికి ఈ నంబరని మైకులో చెప్పించాడు. వారం గడిచినా ఫోన్ మోగలేదు. పాపం, రోజుకు రెండుసార్లు ఆయనే చేసి, అసలు మోగుతోందా లేదా అని చూసుకునేవాడు.

ఎనిమిదో రోజు పదకొండింటికి మోగింది. నేను చెయ్యి చాచేలోపే ఆగిపోయింది. మళ్లీ మోగింది, ఆగింది. మూడోసారీ అంతే. నంబరు ఒకటే.

“ఎవడో ఆటాడుతుండమ్మా. బ్లాక్ చేసెయ్” అన్నాడు ఎస్సై.

నాకు మనసొప్పలేదు. కంగ్టి, సిర్గాపూర్ వైపు చాలా ఇళ్లవాళ్లు హైదరాబాద్ పనులకు పోతారు. ఇంటి దగ్గరున్న ముసలివాళ్లకు మిస్డ్ కాల్‌లో ఒక లెక్క ఉంది. ఒకటిస్తే క్షేమంగా చేరామని. రెండిస్తే తీరిక చూసుకుని చెయ్యమని. మూడిస్తే చేతిలో పని పడేసి చెయ్యమని. సిర్గాపూర్‌లో ఉండే మా అక్క నాతో ఇప్పటికీ ఇట్లాగే మాట్లాడుతుంది.

“ఒక్కసారి చేసి చూస్త సార్” అని తిరిగి చేశాను.

“బాగున్నవా బిడ్డా? బువ్వ తిన్నవా?” అంది ఒక ముసలామె గొంతు.

తిన్నానన్నాను. పిల్లలు బాగేనా అంది, బాగే అన్నాను. ఎదురుగా ఎస్సై గడియారం చూసుకుంటున్నాడు.

“గదే బిడ్డా, మా ముసలాయన కనవడ్తలేడు. పొద్దుగాల లేచి సూస్తే లేడు.”

ఆమె పేరు మాణెమ్మ, కంగ్టి వైపు ఊరు. భర్త తుకారాం హైదరాబాద్‌లో తాపీ మేస్త్రీ పని చేసినవాడు. జ్వరం వచ్చి పోయినప్పటి నుంచి ఆయనకు తన పేరు కూడా నిలకడగా గుర్తుండదు. గుర్తులడిగితే ధోతి, ఎర్ర రుమాలు అని చెప్పింది. “తాపి గూడ లేదు బిడ్డా, తీస్కపోయినట్టుండు.”

“మరి ఎత్తేదాక ఎందుకు మోగనియ్యకపోతివి?” అన్నాను.

“అయ్యో, పోలీసోళ్లను పని నడుమ లేపుతరా? గది మర్యాదనా? మూడిచ్చిన గద, మీరే చేస్తరనుకున్న.”

తాపీ పట్టుకుని బయలుదేరిన మనిషి ఎటు పోతాడు? హైదరాబాద్ బస్సెక్కితే, పేరు చెప్పలేని మనిషిని ఆ మహానగరంలో వెతకడం మా వల్ల కాదు. మనిషి తప్పిపోతే రాతపూర్వకంగా దరఖాస్తు తీసుకోవాలి. అది మాణెమ్మ వచ్చాక చూసుకోవచ్చని, ముందు జనరల్ డైరీలో, అంటే ఠాణాలో జరిగేదంతా వేళతో సహా రాసే పుస్తకంలో, ఎంట్రీ వేశాను. ఎస్సై వైర్‌లెస్ సెట్ అందుకుని నారాయణఖేడ్ బస్ డిపో దగ్గరి గస్తీ కానిస్టేబుల్‌కు గుర్తులు చెప్పాడు.

పావుగంటకు జవాబొచ్చింది. తుకారాం హైదరాబాద్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు, టికెట్ కొట్టించుకున్నాడు, దిగమంటే దిగడం లేదు. డ్రైవర్ అప్పటికే ఇంజన్ స్టార్ట్ చేశాడు. నేను మళ్లీ మాణెమ్మకు చేశాను.

“నా మాటే ఇనడు, మీ మాటింటడా? పెద్ద మేస్త్రి పిలుస్తుండని చెప్పుండ్రి. ఉరికొస్తడు.”

సెట్‌లో అదే చెప్పాం. తుకారాం తాపీతో సహా దిగి, మేస్త్రి ఎక్కడని కానిస్టేబుల్‌ను నిలదీశాడట. కానిస్టేబుల్ ఆయనకు చాయ్ తాగించి, జీపులో ఇంటికి తీసుకుపోయాడు. దేవుడు ఆ బస్సును ఇంకో రెండు నిమిషాలు ఆపినందుకు నేను ఈరోజుకీ కృతజ్ఞురాలిని. డ్రైవర్‌కు కూడా.

సాయంత్రం ఠాణా ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. మాణెమ్మ నంబరే. ఎస్సై కుర్చీలోంచి సగం లేచాడు.

“ఏమైందమ్మా మళ్లీ?”

“ఏం కాలే సార్. మంచిగ చేరిన్రట.”

మరుసటి వారం ఎస్సై గోడల మీద నంబరు కింద “ఎత్తేవరకు మోగనివ్వండి” అని రాయించాడు. మాణెమ్మకు అంకెలు తప్ప చదువు రాదు. ఆమె మూడిచ్చే మనిషిగానే ఉండిపోయింది.

నంబరు గోడకెక్కించడంతో మా పని అయిపోదని ఆ రోజు తెలుసుకున్నాను. అవతలివాళ్లు ఏ పద్ధతిలో పిలిస్తే ఆ పద్ధతిలో పలకడం ఠాణా బాధ్యత. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, వచ్చిన మిస్డ్ కాల్ ప్రతిదానికీ తిరిగి చేశాను. వాటిలో సగం పొరపాటున నొక్కినవే. వాళ్లనూ తిన్నారా అని అడిగే పెట్టేసేదాన్ని.