గాలి సందు మీద అరచేయి

చైనాలోని చోంగ్‌చింగ్ నగరంలో, ఒక ల్యాప్‌టాప్ ఫ్యాక్టరీలో తాన్ గ్వెయ్‌రోంగ్ పన్నెండేళ్లుగా ఒకే బల్ల దగ్గర నిలబడుతోంది. తెర మీద ఉత్తరం లాంటి చిన్న ఫైలు తెరిస్తే ల్యాప్‌టాప్‌కు చిన్న గ్రాఫిక్స్ చిప్ చాలు, చప్పుడుండదు. ఆట పెడితే పెద్ద చిప్ మేలుకుని ఫ్యాను హోరెత్తాలి. ఆట ఆపితే మళ్లీ సద్దుమణగాలి. అది విని, సరిగా ఉంటే ముద్ర వేయడమే ఆమె పని. వినాలి కనుక చెవుల్లో దూది పెట్టుకోనివ్వరు. వందల ఫ్యాన్ల హోరు ఆమె వినికిడిని తినేసింది. తెలిస్తే ఉద్యోగం పోతుంది. అందుకే గాలి సందు మీద అరచేయి ఆనించి వేడిని బట్టి పోల్చుకుంటుంది. ఎవరు పలకరించినా పెదాలు చూసి నవ్వుతుంది.

మొన్న పక్కబల్ల వాళ్లు సరేనన్న యంత్రాన్ని ఆమె వెనక్కి నెట్టింది. ఫ్యాను ఆగింది గానీ వేడి తగ్గలేదు. విప్పి చూస్తే పెద్ద చిప్ నిద్రపోనేలేదు.

పు అనే సూపర్‌వైజర్ ఎదురుగా వచ్చి నవ్వాడు. "పాము చెవులక్కా నీవి! మా ఆవిడ గొణుగుడు కూడా వింటావేమో. ఇదిగో, తెరల మీద వేలిముద్రలు పడుతున్నాయట, ఇక అందరూ ఇవి తొడుక్కోవాల్సిందే."

మందపాటి చేతి తొడుగులు. గ్వెయ్‌రోంగ్ వాటిని తొడుక్కుని తర్వాతి యంత్రం మీద చేయి పెట్టింది. ఏమీ తెలియలేదు. పు ఇంకా చూస్తున్నాడు. ఆమె నవ్వి, ముద్ర వేసింది.