మూలన ఉన్న చెయ్యి

నా చిన్నప్పుడు, మేం జెద్దాలో ఉన్న రోజుల్లో, మా ఎదురింటి మామయ్య శుక్రవారం వచ్చిందంటే స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. స్నానానికి కాదు, ఫొటోలు కడగడానికి. వారమంతా ఎవరిదో స్టూడియోలో ఇకామా అనే నివాస అనుమతి కార్డుల కోసం పాస్‌పోర్టు సైజు ముఖాలు కడిగి కడిగి విసిగిపోయిన మనిషి, సెలవు పూట తనకు నచ్చినవి కడుక్కునేవాడు. కిటికీకి నల్ల దుప్పటి, పైన ఎర్ర బల్బు, బోర్లించిన బకెట్టు మీద నేను. అమ్మ ఆస్పత్రిలో నర్సు, నాన్న ఓడరేవులో గుమాస్తా. ఇద్దరికీ ఒకేసారి డ్యూటీ పడితే నన్ను ఆయనకే అప్పగించి వెళ్ళేవాళ్ళు. నిజామాబాద్ వైపు మనిషి. మాట పెళుసే గానీ పని మహా నిదానం.

అది యుద్ధం ముగిసిన ఏడాది. జెద్దా మీద బాంబులేమీ పడలేదు. కానీ భయపడి సామాన్లు అమ్ముకుని వెళ్ళిపోయినవాళ్ళ వస్తువులు పాతసామాన్ల బజారులో గుట్టలుగా పడి ఉండేవి. అక్కడ మామయ్యకు ఒక లెన్సు దొరికింది. ఫిల్ములోని చిన్న బొమ్మను కాగితం మీద పెద్దది చేసే యంత్రం ఉంటుంది, ఎన్‌లార్జర్ అంటారు. దాని కింద బిగించే లెన్సు. పెళ్ళిచూపులకు వెళ్ళినవాడిలా దాన్ని అటూ ఇటూ తిప్పి, ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని, లోపల బూజు పట్టిందేమోనని ఒక కన్ను మూసి మరీ చూశాడు.

అంతటితో తృప్తి పడే మనిషి కాదు. గోడకు దినపత్రిక పేజీ అంటించి తీసిన ఫిల్ము ఆయన దగ్గర ఒకటి ఉండేది. పాత లెన్సుతో దాన్ని ఒకసారి, కొత్తదానితో ఒకసారి పెద్దది చేసి, రెండు కాగితాలూ తడితడిగా పక్కపక్కన పరిచి, ఏది బాగుందని నన్నడిగాడు. నేను మధ్యలో ఉన్న అక్షరాలు చూసి రెండూ ఒకటేనన్నాను.

"నడిమిట్ల సూస్తే ఏం తెలుస్తది బిడ్డా? నడిమిట్ల ఏ లెన్సన్నా మంచిగనే ఉంటది. మూలలు సూడు" అన్నాడు.

చూశాను. పాతదానిలో మూలల అక్షరాలు అలికేసినట్టున్నాయి. కొత్తదానిలో చివరి చుక్క దాకా చదువుకోవచ్చు. మామయ్య ఆనందం అంతా ఇంతా కాదు. పాత లెన్సును తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాడు.

ఆ తర్వాత కొత్త లెన్సుతో మొదట కడిగింది కడప అక్క ఫొటో. మా వెనక వీధిలో ఒక ఇంట్లో పనిచేసే ఆవిడను అలాగే పిలిచేవాళ్ళం. ఆ ఇంటి మేడమ్ కాన్పుకని మా అమ్మ పనిచేసే ఆస్పత్రిలో చేరింది. అందుకే అక్కకు ఆ నాలుగు రోజులూ గడప దాటే వీలు చిక్కింది. ఊళ్ళో వాళ్ళమ్మ యుద్ధం వార్తలు విని అన్నం మానేసిందట. కాళ్ళూ చేతులూ అన్నీ కనపడేలా ఒక ఫొటో పంపితే తప్ప నమ్మనని కబురు పెట్టిందట. చెల్లెలు పదో తరగతి చదువుతోంది, యుద్ధం భయంతో వాళ్ళమ్మ, దాన్ని కూడా ఇక్కడికి పనికి పంపమన్న ఏజెంటుకు పంపనని తెగేసి చెప్పింది, తన కష్టమంతా ఆ పిల్ల చదువు కోసమేనని అక్క ఎప్పుడూ అంటుండేది. ముందురోజు మా హాల్లో అమ్మ పక్కనుండగా మామయ్య ఫొటో తీశాడు. అక్క కుర్చీలో కూర్చుంది. అప్పటిదాకా కొంగులో ఉన్న కుడిచెయ్యి సరిగ్గా తీసే క్షణానికి బయటపెట్టింది.

ఇప్పుడు మందునీళ్ళ పళ్ళెంలో కాగితం మీద ముందు నవ్వు తేలింది. తర్వాత చీర, కుర్చీ. అన్నిటికంటే చివర కింది మూలన కుడిచెయ్యి. మణికట్టు నుంచి వేళ్ళ దాకా ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ. చర్మం లేచిన అంచులతో సహా కనిపించింది. అంత బాగా చూపించింది ఆ లెన్సు.

డ్యూటీ దిగి వచ్చిన అమ్మ అడిగితే, ఫొటో కోసం వచ్చిన అక్క, చొక్కా మాడిందని మేడమ్ పెట్టిన వాత అని మామూలుగా చెప్పింది. అమ్మ ఏడ్చేసింది. మామయ్య ఆ ఇంటి యజమానిని, అదే కఫీల్‌ను, వాడి ఇల్లాలిని, పంపిన ఏజెంటును అందరినీ కలిపి తిట్టాడు. చెయ్యి కొంగులో పెట్టుకో, మళ్ళీ తీస్తానన్నాడు.

"చెయ్యి దాపెట్టుకుంటే చెయ్యే ల్యాదనుకుంటాదన్నా మా యమ్మ. ఎట్లన్నా చేసి ఆ మచ్చ కనపడకుండా చెయ్యి" అంది అక్క.

మామయ్య చెత్తబుట్టలో చెయ్యి పెట్టి పాత లెన్సు తీసి, చొక్కాతో తుడిచి బిగించాడు. ఈసారి ముఖం ముఖంలాగే వచ్చింది. మూలనున్న చెయ్యి మాత్రం ఆవిరి పట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టుగా ఉంది. వేళ్ళున్నాయి, మచ్చ లేదు. అక్క దాన్ని కళ్ళకద్దుకుంది. ఆ రోజు నాకు మామయ్య దేవుడే. పనికిరాదని పారేసినదానితో ఇంత మంచి చేయొచ్చా అని పొంగిపోయాను.

కొన్ని నెలలకు మేడమ్ బిడ్డకు సూది వేయించడానికి వచ్చిన అక్క, ఆస్పత్రి నుంచి అమ్మ వెంట మా ఇంటికి వచ్చి కాసేపు కూర్చుంది. సంగతి చెప్పుకొచ్చింది. ఫొటో చూసి వాళ్ళమ్మకు ధైర్యం వచ్చిందట. కూతురు నిండుగా, నవ్వుతూ ఉంది, ఇంకేం భయమని చిన్నదాన్నీ విమానం ఎక్కించేసిందట. ఆ పిల్ల జెద్దాకు దూరంగా ఎక్కడో ఉనైజా అనే ఊళ్ళో, ఖర్జూరం తోటలున్న ఒక ఇంట్లో ఉంది. ఆ ఇంటి ఫోను నెంబరు అక్కకు తెలియదు.

"ఆ పొద్దు మొదట కడిగింది ఉందే, అదియ్యన్నా" అని మామయ్యను అడిగింది.

ఆయన కొత్త లెన్సు బిగించి మళ్ళీ కడిగి ఇచ్చాడు. ఊరికి వెళ్తున్న ఒకతని చేత పంపింది. అతను తిరిగొచ్చి చెప్పిన మాట ఇది: ఆ తల్లి చేతి మీది నలుపును చూసి, కడిగేటప్పుడు మరక పడిందనుకుంది. తనకు మొదట అందినదే బాగుందని, ఇంకెప్పుడైనా ఆ మొదటాయన దగ్గరే తీయించుకోమని చెప్పమంది. అప్పటికే ఆ మొదటిది పటం కట్టి గోడకు పెట్టుకుందట.

"మొదటిది కడిగింది గుడ నేనే గద బిడ్డా" అన్నాడు మామయ్య నాతో. ఆ శుక్రవారం ఎర్ర బల్బు వెలగలేదు. అక్క తర్వాత ఎప్పుడో ఊరు చేరిందని విన్నాం. చెల్లెలి సంగతి మాకు తెలియనే లేదు.

నాకు ఇప్పటికీ కోపమే. వాత పెట్టినావిడ మీద సరే, నమ్మిన తల్లి మీదా, దాచిన అక్క మీదా, చివరికి అంత మంచివాడైన మా మామయ్య మీదా కోపమే. జాలిపడి చేసిన పనికి ఒక పిల్ల బలైందంటే ఎవరిని తిట్టాలో నాకు ఇన్నేళ్ళయినా తెలియలేదు.

మా అమ్మాయి వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. పంపే ఫొటోలను ఫోనే నున్నగా చేసేస్తుంది. అందుకని వాటిని నమ్మను. వీడియోలోకి రమ్మంటాను. బాగున్నానమ్మా అని అది నవ్వుతుంది. ముందు చేతులు చూపించమంటాను. అమ్మకు చాదస్తం ముదిరిందనుకుంటూ రెండు అరచేతులూ పైకెత్తుతుంది.

వెనక్కి తిప్పమంటాను.